కమలవ్వ షెడ్డు

రామచంద్రం సేటు ఆ పొద్దున కమలవ్వ గడప ముందు చెప్పులతోనే నిలబడ్డాడు. ఇల్లు తనది, కిరాయికి ఉన్నది కమలవ్వ. ఇక చెప్పులు విడవాల్సిన పని తనకేముంది? లోపల మంచం మీద కమలవ్వ పెనిమిటి హనుమండ్లు ఎగపోస్తున్నాడు. కరెంటు మగ్గాలను మా సిరిసిల్లలో సాంచెలంటారు. బతుకంతా ఆ సాంచెల నడుమ నిలబడి నూలు దుమ్ము మింగిన ఛాతీ అతనిది. దవాఖాన వాళ్ళు ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆ మాటకు అర్థం గల్లీలో చిన్నపిల్లలకు కూడా తెలుసు, సేటుకు తెలియదా? అందుకే వచ్చాడు.

“కమలవ్వా, జర సమజ్ చేసుకో. ఇయ్యాల నక్షత్రం మంచిగ లేదట. అయ్యగారిని అడిగే వచ్చిన. గీడ పానం పోయిందంటె నా ఇల్లు ఆర్నెల్లు పాడువెట్టాలె. మంచం బయటికి తెచ్చుకోండ్రి. టెంటు నేనే ఏపిస్త.”

తెలియని వాళ్ళకు చెప్తున్నాను. మా దగ్గర కిరాయి ఇంట్లో మనిషి కాపురం చెయ్యవచ్చు, బిడ్డల్ని కనవచ్చు, సాంచెల మోత వింటూ ముసలివాడు కావచ్చు. చావడానికి మాత్రం లేదు. ప్రాణం పోయే ముందే మంచంతో సహా బజారులోకి మోసుకొచ్చేవాళ్ళు. వాన పడితే మీద పట్టా కప్పేవాళ్ళు. ఇది దుర్మార్గమని ఎవరూ అనుకునేవాళ్ళు కాదు. సొంత ఇల్లుంటే నేను కూడా అట్లాగే అనేదాన్నేమో, ఎవరికి తెలుసు.

కమలవ్వ రాట్నం ముందు కూర్చుని సాంచెలకు కండెలు చుడుతున్నది. సేటు మాట అయ్యేదాకా రాట్నం ఆపలేదు. ఆపి, దారం తెంపి, అప్పుడు తలెత్తింది.

“టెంటు నీదేనా సేటూ?”

“నాదే. కుర్చీలు గూడ పంపుత.”

“మంచిది. మీ పెద్దతలుపుకెదురుంగ ఏపియ్యి. బజారు నీ అబ్బ జాగ గాదు గదా, మున్సిపాలిటోళ్లది. ఆడనే పండవెడ్త నా మొగన్ని. మూడొద్దులకు పిట్టకు ఆడనే పెడ్త. పదకొండొద్దులు ఆడనే కూసుంట. నీ బిడ్డ పెండ్లి వచ్చే బేస్తారమే గదా? పసుపు దంచనీకె ముత్తైదులు వస్తరు. బొట్టు లేని మొకంతోని నేనే ఎదురొచ్చి రాండ్రి, కూసోండ్రి అంట.”

పక్క అర్రలో బీడీలు చుడుతున్న నేను నవ్వు ఆపుకోలేక ఆకుల గంప వెనక ముఖం దాచుకున్నాను. సేటు వెనక్కి తిరిగి తన పెద్దతలుపు వైపు చూశాడు. ఎదురింట్లోంచి ఆయన భార్య పరుగున వచ్చింది.

“ఏందయ్యా నీ లొల్లి పొద్దుగాల పొద్దుగాల? ఇంట్లకు నడువు. ఆయన పానం ఇంట్లనే పోనీ. అయ్యగారితోని శాంతి చేపిద్దాం. కమలవ్వా, నువ్వేం మనసుల వెట్టుకోకే.”

“నాకేమున్నదమ్మా మనసుల? నీ బిడ్డ సల్లగుండాలె” అని కమలవ్వ మళ్ళీ రాట్నం తిప్పింది.

హనుమండ్లు ఆ సాయంత్రం ఇంటి కప్పు కింద, తిరిగే ఫ్యాను కింద పోయాడు. దినాలయ్యాక ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. ఖాళీ చేసింది. అయినా గెలుపు గెలుపే. మా గల్లీలో అట్లా గెలిచిన ఆడది అంతకు ముందు లేదు.

ఆ తర్వాత ఎవరింట్లో మనిషి మంచం పట్టినా, ముందు డాక్టరు దగ్గరికి పోయేవాళ్ళు, తర్వాత కమలవ్వ దగ్గరికి వచ్చేవాళ్ళు. యజమానితో కొట్లాడమని. పోయేది. కొన్ని గెలిచేది. ఓడినవి కూడా ఉన్నాయి. వెంకటి అని సాంచెల మీద పనిచేసే పిల్లవాడు, వాళ్ళ తల్లిని ముసురు వానలో మోరీ పక్కన పట్టా కింద పండుకోబెట్టారు. ఇంటి యజమాని తలుపు వేసుకుని లోపల కూర్చున్నాడు. మూసిన తలుపుతో ఎవరు కొట్లాడతారు? కమలవ్వ ఆ ముసలామె ముఖం మీద నీళ్ళు పడకుండా తన కొంగు పట్టుకుని కూర్చున్నది, పోయేదాకా. నేనూ పక్కనే ఉన్నాను. లేస్తూ ఒక్కటే మాటన్నది:

“లస్మవ్వా, నెత్తి మీద ఒక్క కప్పు గావాలెనే. నలుగురి తాన అడుక్కునేది గాదు, మనది.”

అప్పటికి సాంచెల పని పడిపోయింది. కొండల్ అని ఒక ఆసామి, అంటే సాంచెలు పెట్టి నేయించేవాడు, తన సాంచెలన్నీ పాత ఇనుముకు అమ్ముకుని షెడ్డుకు తాళం వేసుకున్నాడు. కమలవ్వ అతని దగ్గరికి పోయింది.

“అవ్వా, సచ్చేటోళ్లకు ఇస్తె రేపు గా షెడ్డుల ఎవడన్న కిరాయికి దిగుతడా?” అన్నాడు కొండల్.

“ఇప్పుడు దిగుతున్నరా?”

కొండల్ నవ్వి తాళంచెవి ఇచ్చాడు. నేల మీద సాంచెలు బిగించిన గుంతలు అట్లాగే ఉన్నాయి. నూనె మరకలు ఎంత కడిగినా పోలేదు. గుంతలు మట్టితో పూడ్చి, చాపలు పరిచి, ఒక మూలన పొయ్యి పెట్టాము. పొయ్యి నాది. నేను దిక్కులేక అక్కడికి చేరానని ఎవరన్నా అంటే నమ్మకండి. బీడీల పని తగ్గింది, వంట చెయ్యడానికి పోయాను. తర్వాత చేతులు వణకడం మొదలైతే వంట మాన్పించి మంచమిచ్చారు.

కిరాయి ఇళ్ళ వాళ్ళు తమ మనుషుల్ని చివరి గడియలో తెచ్చేవాళ్ళు. కమలవ్వ తులసి నీళ్ళు పోసేది, పోయాక తలాపున దీపం పెట్టేది. దినాలు కూడా అక్కడే చేసుకునేవాళ్ళు. మేము అనుకున్నది అంతే. ముసలివాళ్ళను సాకే ఆలోచన మాకు ఎవరికీ లేదు. అది రాయమల్లు చేసిన పని.

రాయమల్లు పాతకాలం నేతగాడు. కొడుకు ఆటోలో తెచ్చి దించాడు. కాళ్ళు చల్లబడ్డాయి, కళ్ళు పైకి పోయాయి. తులసి నీళ్ళు పోశాము. చుట్టాలకు ఫోన్లు పోయాయి, ఏడుపులు మొదలయ్యాయి. తెల్లారేసరికి ఈయన కళ్ళు తెరిచి చుట్టూ చూశాడు.

“ఎవలు సచ్చిన్రు?” అన్నాడు.

“నువ్వే” అన్నది కమలవ్వ.

“గట్లనా? అయితె జర చాయ్ పొయ్యి.”

చాయ్ తాగాడు, గంజి తాగాడు, వారానికి లేచి కూర్చున్నాడు. కొడుకు సంతోషంగా తీసుకుపోవడానికి వచ్చి, ఒంటరిగా తిరిగి పోయాడు. ఇంటి యజమాని ఒప్పుకోలేదు. చావుకని గడప దాటించిన మనిషిని మళ్ళీ గడప లోపలికి తెస్తే ఇంటికి అరిష్టమట. రాయమల్లు షెడ్డులోనే ఉండిపోయాడు. తర్వాత ఒక ముసలామె అట్లాగే బతికింది. ఆ తర్వాత మరొకాయన. చావడానికి వచ్చి చావకుండా, పోదామంటే ఇల్లు లేకుండా మిగిలిన వాళ్ళు నా పొయ్యి చుట్టూ చేరారు. నా కుండ పెద్దదయింది. మా ఆశ్రమం పుట్టుక అదీ. ఇప్పుడు వచ్చేవాళ్ళకు సేవాభావం, సంకల్పం అని ఏవేవో చెప్తుంటారు. నేను వింటూ ఊరుకుంటాను.

ఊళ్ళో చదువుకున్న వాళ్ళు నలుగురు కలిసి కమిటీ అయ్యారు. వాళ్ళకు పెద్ద భానుప్రసాద్, కాలేజీలో పాఠాలు చెప్తాడు, మంచివాడు. “చావుల షెడ్డు అంటే రిజిస్టర్ కాదవ్వా, వృద్ధాశ్రమం అని రాద్దాం” అన్నాడు.

“ఏమన్న రాస్కో బిడ్డా. తలుపు మాత్రం తీసి ఉండాలె.”

బోర్డు వచ్చింది. కానీ జనం కమలవ్వ షెడ్డు అనడం మానలేదు. దాని ముందు నుంచి పోవడానికి భయపడేవాళ్ళు. బడి పిల్లలు రోడ్డుకు ఆ పక్కన నడిచేవాళ్ళు. అది చూసి కమలవ్వ ఒక ఆలోచన చేసింది. ఆమె బతుకులో చేసిన తప్పు ఏదన్నా ఉంటే అదే. అప్పుడు మాకెవరికీ అది తప్పని తోచలేదు. ఇల్లిల్లూ తిరిగి, “మీ పిల్లల పుట్టినరోజు మా తాన చేయుండ్రి. ముసలోళ్లు పిల్లల మొకం చూస్తరు, పిల్లలకు దీవెనార్తి దొరుకుతది” అని పిలిచింది.

మొదట ఎవరూ రాలేదు. ఒక డాక్టరు కుటుంబం వచ్చి కేక్ కోసి ఫోటోలు తీసుకుని పోయాక, ఇక వరస కట్టారు. షెడ్డు దూలాలకు రంగురంగుల గాలి బుగ్గలు కట్టారు. పళ్ళు లేని నోళ్ళకు కేక్ బాగా కుదిరింది. రాయమల్లు నెత్తిన కాగితం కిరీటం పెట్టుకుని ప్రతి పిల్లకూ తానే చప్పట్లు కొట్టేవాడు. పుట్టినరోజుల వాళ్ళే మంచాలిచ్చారు, ఫ్యాన్లిచ్చారు, బాత్రూములు కట్టించారు, గోడలకు గులాబీ రంగు వేయించారు. కమలవ్వ గేటు దగ్గర నిలబడి వచ్చినవాళ్ళను పెండ్లి పెద్దలాగా లోపలికి పిలిచేది.

ఒకనాడు భవ్యశ్రీ అనే పిల్ల పుట్టినరోజు. తల్లి మమతారాణి బడిలో టీచరు. పిల్లలంతా చుట్టూ చేరి పాట పాడుతున్నారు. మూల మంచం మీద చొప్పదండి నుంచి వచ్చిన ఒక అవ్వ, నాలుగు రోజులుగా మాట లేదు, ఆ పాటలోనే పోయింది. కమలవ్వ ఎప్పుడూ చేసేదే చేసింది. నోట్లో తులసి నీళ్ళు పోసి, తలాపున దీపం పెట్టింది. భవ్యశ్రీ చూసింది.

“మమ్మీ, గా అమ్మమ్మది గూడ బర్త్‌డేనా? ఒక్కటే క్యాండిల్ పెట్టిన్రు” అన్నది.

తల్లికి అర్థమై పిల్లను ఎత్తుకుని బయటికి పరుగెత్తింది. కేక్ అట్లాగే మిగిలింది. పిల్లకు జ్వరం వచ్చింది. పిల్లలకు జ్వరాలు వస్తాయి, పోతాయి. కానీ మమతారాణి నలుగురికీ చెప్పకుండా ఉంటుందా? నేనైనా చెప్పేదాన్నే. పుట్టినరోజులు ఆగిపోయాయి. దానికి తోడు, ఊరు పెరిగి షెడ్డు చుట్టూ కొత్త ఇళ్ళు లేచాయి. పొద్దున లేస్తే పాడె కనపడుతున్నదని వాళ్ళూ కమిటీ మీద పడ్డారు.

మీటింగు షెడ్డులోనే పెట్టారు. కమలవ్వను కుర్చీలో కూర్చోబెట్టారు. భానుప్రసాద్ చేతులు కట్టుకుని మాట్లాడాడు.

“అవ్వా, నువ్వు మాకు తల్లి లెక్క. నీ వల్లనే ఇదంత అయ్యింది. కాని ఇప్పటి సంది ఎవలికన్న సీరియస్ అయితె అంబులెన్స్‌ల పంపుదాం. గీడ పండవెట్టి పానం పోనిస్తె మనకే పాపం గాదా?”

“సూది మందుకు లేసేటోళ్లను పంపు, నేనొద్దంటనా? దవాఖానోళ్లే ఇంటికి తీస్కపొమ్మన్నోళ్లను యాడికి పంపుతవ్?”

“ఆళ్ల వాళ్లను పిలిపిద్దాం అవ్వా.”

“ఆళ్లకు ఇల్లే ఉంటె నీ తానకెందుకొచ్చిరి బిడ్డా?”

భానుప్రసాద్ ఆమె కుర్చీ దగ్గరికి వచ్చాడు. కిందికి వంగి ఆమె కాళ్ళు పట్టుకున్నాడు. “తిట్టు అవ్వా, కొట్టు. గిదొక్కటి ఒప్పుకో. లేకుంటె షెడ్డే మూతవడ్తది. గింతమంది యాడికి పోతరు?”

కమలవ్వ తిట్టడానికే నోరు తెరిచింది. నేను ఎదురుచూశాను, అందరం చూశాము. చెప్పులతో గడప ముందు నిలబడ్డవాడైతే ఆమెకు లెక్కలేదు. వీడు ఏడుస్తున్నాడు. పైగా వాడన్నది అబద్ధం కాదు. ఆమె వాడి తల మీద చెయ్యి పెట్టి, “లే బిడ్డా” అన్నది. అంతే. కొట్లాట అయిపోయింది, మొదలు కాకుండానే.

కొత్తగా అనసూర్య అనే నర్సును పెట్టారు. చెడ్డ పిల్ల కాదు. పొద్దున వేలికి చిన్న మిషను పెట్టి చూస్తుంది, మూడు పూటలా కంచాలు చూస్తుంది. ఎవరిదైనా కంచం నిండుగా తిరిగి వచ్చిందంటే రెండో పూట అడుగుతుంది, మూడో పూట భానుప్రసాద్‌కు ఫోన్ చేస్తుంది, వ్యాను వస్తుంది. ఎక్కినవాళ్ళు తిరిగి రారు. అది తెలిసి మా వాళ్ళు దొంగలయ్యారు. తినలేని అన్నం కొంగులో కట్టుకుని గోడవతల కుక్కలకు వేసేవాళ్ళు. కొన్నాళ్ళకే దొరికిపోయారు. ఇప్పుడు అనసూర్య మేము తినేంతసేపు గుమ్మంలో నిలబడుతుంది.

రాయమల్లుకు దొంగతనం చేతకాలేదు. “ఆకలైతలేదు బిడ్డా” అని నిజమే చెప్పాడు. వ్యాను ఎక్కిస్తుంటే కమలవ్వ చెయ్యి పట్టుకున్నాడు.

“ఒక్కపారి సచ్చి లేసినోన్ని. గీడనే ఉంట కమలవ్వా. నేనెవలకు అడ్డం?”

కమలవ్వ డ్రైవర్‌ను బతిమాలింది, అనసూర్యను బతిమాలింది. బతిమాలడం ఆమెకు రాదు, మాటలు తప్పులతడక అయ్యాయి. నాకు చూడబుద్ధి కాలేదు. కరీంనగర్ దవాఖానకు పోయే తోవలోనే, వ్యానులోనే పోయాడు రాయమల్లు. పీనుగును వెనక్కి షెడ్డుకు తేలేదు. అటునుంచి అటే మానేరు ఒడ్డుకు తీసుకుపోయి, స్నానం అక్కడే చేయించారట. మాకు మరునాడు చెప్పారు. కమలవ్వ ఆ మంచం మీద పొద్దుగూకేదాకా కూర్చున్నది. నాలుగు మాటలు అనమని నేను రెచ్చగొట్టాను.

“ఎవలనందునే? నేనే గదా కేకు తెచ్చుకోండ్రని ఇల్లిల్లు తిరిగిన” అన్నది.

ఈ ఎండాకాలం ఆమె కాళ్ళకు నీరొచ్చింది. తర్వాత ఎగపోత మొదలైంది. బిడ్డ కోమల మందమర్రి నుంచి వచ్చి దవాఖానకు తీసుకుపోయింది. గుండె పెరిగిందట, ఈ వయసులో చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. తిరిగి వచ్చి తల్లీబిడ్డలు వేపచెట్టు కింద గచ్చు మీద కూర్చున్నారు. పక్కనే నేను చింతపండు గింజలు తీస్తున్నాను.

“నాతోని రాయే అవ్వా” అన్నది కోమల.

“మీ ఇంటాయనేమన్నడు?”

“మా ఆయన రమ్మనే అన్నడు.”

“నీ మొగని ముచ్చట గాదే. ఇల్లు కిరాయికిచ్చినోని ముచ్చట.”

కోమల మొగుడు బొగ్గు బాయి మీద కాంట్రాక్టు కూలి. కంపెనీ క్వార్టర్ రాదు. కోమల కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

“మీ అవ్వకు మంచిగ లేదట గదా, గీడికి తెస్తున్నవా ఏందని బస్సెక్కకముందే అడిగిండవ్వా. నేనేం జెయ్యాలె?”

“ఏం జేస్తవ్, బస్సెక్కు. పిల్లలు బడికెళ్లి వచ్చే యాళ్లయితది” అని కమలవ్వ బిడ్డ కళ్ళు తుడిచి పంపింది. గేటు దాకా కూడా నడవలేకపోయింది. దవాఖాన వాళ్ళన్న మాట అనసూర్యకు చెప్పవద్దని బిడ్డతో ఒట్టు వేయించుకున్నది. అప్పటి నుంచి భానుప్రసాద్ వచ్చే రోజు ముఖానికి పౌడర్ రాసుకుని, కాళ్ళ వాపు కనపడకుండా చీర దించుకుని, గోడకు ఆనుకుని కూర్చుంటున్నది. “అవ్వ హుషారుగున్నది” అని ఆయన సంబరపడిపోతున్నాడు. ఆ పిల్లవాడిని చూస్తే నాకు కోపం రావాలి. రావడం లేదు. అదే నా బాధ.

మొన్న పగటి అన్నాలప్పుడు కమలవ్వ రెండు ముద్దలు తిని చెయ్యి ఆపింది. నీళ్ళు తాగి మూడో ముద్ద మింగింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అనసూర్య ఇటు చూసేసరికి నవ్వింది. ఎట్లాగో ఆ పూట గట్టెక్కింది. అన్నాలయ్యాక వెనక నీళ్ళ తొట్టి దగ్గర చేతులు కడుగుతుంటే నా దగ్గరికి వచ్చి అడిగింది.

“లస్మవ్వా, నీకు ఆకలి మంచిగనే అయితున్నదా?”

“గీ నీళ్ల పప్పుకు ఆకలెంత గావాలె? నేనుండంగ గిట్ల వండిన్నా?”

“నవ్వులాట గాదే. నాకు గొంతు దిగుతలేదు. ఇంక ఎన్నొద్దులో లేదు గని, తినుడు నా వశం గాదు.”

“అనసూర్యకు చెప్దాం. జావన్న కాసిస్తది.”

“జావ గాదు, ఫోన్ చేస్తది. నేను గా వ్యానెక్క లస్మవ్వా. ఇన్నేండ్లు మందిని లోపటికి తెచ్చిన, నేను తొవ్వల పోవుడేంది?”

ఎవరి కంచంలోనూ చెయ్యి పెట్టినదాన్ని కాను నేను. కడుపు కాలిన రోజుల్లో కూడా పక్కింటి అన్నం ముట్టలేదు. అది ఆమె కంటే ఎక్కువ తెలిసినవాళ్ళు లేరు. అందుకే కాబోలు, నా ముఖం చూడకుండా, తొట్టిలో నీళ్ళను చూస్తూ చెప్పింది.

“ఎంగిలి చెయ్య. వేలు గూడ పెట్ట. అనసూర్య అటు మర్రంగనే నా కంచం నీ దిక్కు జరుపుత. నీది తిన్నంక నాది తిను. మెల్లగ తిను, పొరపోకుంట తిను. ఖాళీ కంచం పోవాలె ఆ పిల్ల చేతికి. నేను పోయేదాక తిను.”